రేపటి చిల్లర

లుసాకా విమానానికి ఇంకా పదకొండు గంటలు.
జేబులో ఒక ఇరవై డాలర్ల నోటు,
నాలుగు మడతల్లో, తాయెత్తులా.
దాంతో ఇక్కడ కాఫీ కూడా రాదు.

మొదటి ఏటీఎం నా కార్డుని మింగి
కాసేపు నమిలిన చప్పుడు చేసి
ఉమ్మేసింది.
రెండోది తెర నిండా అక్షరాలు పరిచింది.
ఒక్కోటీ కాలో చెయ్యో చాపి
తిరణాలకి బయల్దేరిన జనంలా ఉంది.
ఏ మనిషిని నొక్కాలో తెలీక
వెనక్కి తగ్గాను.
ఏడొందల అడుగుల బోరు దించినవాణ్ణి,
రాడ్డు అదురుని బట్టి
కింద రాయో మట్టో చెప్పేవాణ్ణి,
ఇంత చీలికలోకి కార్డు దించడానికి
చెయ్యి వణికింది.

బ్యాంకు కౌంటర్లో అమ్మాయి, బిళ్ళ మీద పేరు త్సిగెరెడా,
నోటు విప్పి దీపానికెత్తి చూసింది.
"ఈ మూల చిరిగింది" అంది,
ఎక్స్‌రే చూసే డాక్టర్ గొంతుతో.
"ఇంతకన్నా కొత్తది లేదా?"
మనిషే పాతవాడమ్మా అన్నాను,
తెలుగు రాదన్న ధైర్యంతో.
ఎందుకో నవ్వింది.
లోపల ఎవర్నో అడిగొచ్చి,
"బిర్రులిచ్చాక మళ్ళీ డాలర్లివ్వం, ఆలోచించుకో."
ఆలోచించడానికేముంది.
వెయ్యిసార్లు ఉతికిన పంచె అంచంత మెత్తటి నోట్లు
లెక్కపెట్టి ఇటు తోసింది.
జేబు ఉబ్బింది.
సాయంత్రం దాకా కలవాణ్ణి.

బయట అడిస్ అబాబా చలి.
టాక్సీ వాళ్ళని తప్పించుకుని రోడ్డు దాటితే
రేకుల కింద పచ్చగడ్డి పరిచి ఉంది,
బొగ్గుల మీద నల్లటి మట్టి కూజా.
వోయిన్‌షెట్ అనే ఆవిడ గింజలు వేయించి
పొగని అరచేత్తో నా మొహం వైపు తోసింది.
ముందు ముక్కుకి, తర్వాతే నోటికి.
చెవుల్లేని చిన్న కప్పు,
పక్కన గిన్నెడు పేలాలు.
పేలాలు చూసి ప్రాణం కాస్త కుదుటపడింది.

గోడ గడియారం రెండు చూపిస్తోంది.
పాడైందన్నాను.
బల్ల చివరి ముసలాయన ఒప్పుకోలేదు.
"పొద్దు పొడిచి రెండు గంటలయింది. రెండే మరి.
అర్ధరాత్రి నుంచి లెక్కపెట్టే మీరు
నిద్ర ఎప్పుడు పోతారు?"
ఏడాది సంగతీ చెప్పాడు:
మీకన్నా ఏడో ఎనిమిదో వెనక.

అంటే ఇక్కడ
వించి తాడు ఇంకా బిగుసుకోలేదు.
అంటే నా ఎడమ చిటికెనవేలు
ఇంకా చేతికే ఉంది.
చూసుకున్నాను.
కప్పు చుట్టూ నాలుగే.

ఒకటి తాగి లేవబోతే కూచోమన్నారు.
అబోల్, తోనా, బెరెకా,
మూడూ అయితేనే అయినట్టు.
మూడోది నీళ్ళ నీళ్ళగా ఉంది.
దీవెన అదేనట.

పెద్ద నోటిచ్చాను.
ఆవిడ డబ్బా వెతికింది, కొంగు వెతికింది,
చెప్పులు తుడిచే కుర్రాణ్ణి అడిగింది,
పక్క కొట్టుకి పరిగెత్తించింది.
లేదు.
ఉంచుకో అన్నాను.
మొహం ముడుచుకుంది.
కాఫీ అమ్మింది గానీ చెయ్యి చాపలేదు కదా.
"నెగె" అంది గట్టిగా.
ముసలాయన వేలు కొండ మీంచి దాటించి చూపించాడు:
రేపు.

మా కిరాణా కొట్ల పలకల మీద
అప్పు రేపు అని రాసుంటుంది.
చిన్నప్పట్నించీ ఆ రేపు
నాకెప్పుడూ తలుపు తియ్యలేదు.
ఇప్పుడు ఒక రేపు
నాకే బాకీ పడింది.
రాత్రికి లుసాకా అని చెప్పడానికి నోరు రాలేదు.
సరే, నెగె.

గేటు దగ్గర ట్రేలో బిర్రులు పోస్తే
తనిఖీ చేసేవాడు వాటి వంకే చూడలేదు.
కుర్చీలో కూలబడి
బోర్ల లోతులు రాసుకునే పుస్తకం తీశాను.
రావలసినది: వోయిన్‌షెట్, రేకుల కొట్టు,
విమానాశ్రయం ఎదురుగా.
పక్క గడిలో తేదీ వెయ్యాలి.
పెన్ను అక్కడ ఆగింది.
ఎవరి లెక్కన?