గజం మోత

మొదటి మూడు రోజులు
మందు డబ్బా మూత తియ్యలేదు మొగులాలి తాత.
"చెవులు తెచ్చుకుండ్రా?" అని మాత్రం అడిగిండు,
కుడి చెవి ముప్పై ఏండ్ల కిందనే పోగొట్టుకున్న మనిషి.

అచ్చంపేట దాటినంక, గుట్ట కింద పల్లి చేను.
పందులు రాత్రికి రాత్రి దున్నిపోతున్న పుష్యమాసం.
నేర్వ వచ్చినోళ్ళం ముగ్గురం:
చేను కౌలుకు పట్టిన కుర్మయ్య,
ఇంటర్ రెండుసార్లు తప్పిన శేషు,
మొగోళ్ళ పనికి నువ్వెందుకని
దారి పొడుగునా అడిగించుకున్న నేను.

నిలబెడితే నా గదుమ దాక వచ్చింది తుపాకి.
"మొకం తియ్!" తాత అరుపు.
"దాని నోట్లకు నువ్వు చూసుడంటే
అది నిన్ను చూసుడే."

మూడు రోజులూ ఒకటే పని:
గొట్టంలకు ఇనుప గజం జారవిడుసుడు,
వినుడు.
ఖాళీదైతే ఠంగుమంటది,
బిందె అడుగున చెంబు పడ్డట్టు.
నిండుదైతే దుప్.
గొంగడి కింద ఎవరో దగ్గినట్టు.
ఠంగు. దుప్.
ఈ రెంటికీ తేడా తెలువనోని పేరొకటి
చెప్పబోయి ఆగిండు తాత.
బీడీ ముట్టించుకునేటందుకు
మందు డబ్బాకు దూరంగ, చాన దూరంగ నడిసిపోయిండు.

నాలుగో రాత్రి మందు పోసినం.
రవ్వ లేదు. ఉత్త మోతే, బెదిరిచ్చేటందుకు.
కొబ్బరి పీచు కూరి, గజంతోని దట్టిచ్చి,
చిటికెన గోరంత రాగి టోపీ పెట్టి
కుర్మయ్య చుక్కల దిక్కు ఎత్తిండు.
గుర్రం పడ్డది.
టిక్.
అంతే.

ఏమయిందో చూద్దామని
మొకం దగ్గరికి దించబోయిండు కుర్మయ్య.
గొట్టం కింద తాత చెయ్యి దూలమై నిలబడ్డది.
"లెక్కవెట్టు బిడ్డా."
నాకొచ్చిన లెక్క ఒకటే, కల్లంల కుంచం లెక్క:
లాభం,
రెండు,
మూడు,
నాలు—

గుట్ట ఇరిగి మీద పడ్డది.
తెల్లటి పొగల ఎవరికెవరం కానరాలేదు.
పందులు ఎటు ఉరికినయో ఎవ్వరం చూడలేదు.
కుర్మయ్య ఆ రాత్రంత
ముక్కు, కండ్లు, మీసం
ఒక్కొక్కటే తడిమి చూసుకుంటనే ఉన్నడు.
శేషు మల్ల రాలేదు.

తెల్లారినంక కడుగుడు.
అసలు ఇద్దె అదేనంటడు తాత.
మసిలే నీళ్ళు పోస్తే
కుళ్ళిన గుడ్ల కంపుతోని నల్లగ కారింది రాత్రి.
ఆ బకెటును ఖాసింబీ అవ్వ
వాకిట్లకు రానియ్యది.
నీళ్ళు నీళ్ళ లెక్క వచ్చేదాక పోసి
ఎండకు ఆరవెట్టి, కుసుమ నూనె పూసినం.

ఓట్లు వచ్చినయి.
లైసెన్సు కాగితం తాత జేబుల,
తుపాకి గోనెసంచిల,
ఒప్పజెప్పేటందుకు బస్సెక్కి ఠాణాకు పోయినం.
కొత్త కానిస్టేబుల్ పిలగాడు
మూతి తన కడుపు దిక్కే పెట్టుకుని
"లోడయి ఉన్నదా?" అని అడిగిండు.
తాతకు ఇనరాలేదు, వాడు కుడి దిక్కు నిలబడ్డడు.

నేనే గోడ దిక్కు తిప్పి
గజం జారవిడిసిన.
ఠంగు.

పిలగానికి ఏం సమజ్ కాలేదు.
రసీదు రాసిచ్చిండు.