ఉత్తరపు కిటికీ

మా సంఘం మొదటి చిట్టా పుస్తకంలో
ఎలుకలు కొట్టగా మిగిలినవి ముప్పై ఆకులు.
తోలు అట్ట మీద కొవ్వొత్తి కార్చిన మైనం.
మొదటి పేజీలో ఏడు పేర్లు,
అందులో ఒకటి కొట్టేసి ఉంది.

ఇండియానాలో, హికరీ వాగు ఒడ్డున
అప్పటికింకా మందిరం లేదు.
కెటూరా ఆంబ్లర్ వంటింట్లో
పిండి పీపా బోర్లించి, అదే వేదిక అనుకున్నారు.
ప్రసంగి లెమ్యుయెల్ స్ట్రౌడ్
ఒంటికన్ను గుర్రం మీద నాలుగు వారాలకోసారి వచ్చేవాడు,
వాగు ఒప్పుకుంటే.
ఒప్పుకోని రోజుల్లో చిట్టాది ఒకటే మాట:
"నీళ్లు ఎక్కువ. ప్రసంగం లేదు."
ఒక వసంతమంతా అదే మాట, అదే చేతిరాత.
చివరిసారి "నీళ్లు" అని రాసి ఊరుకున్నారు.

ఆ ఆదివారాలు కెటూరాయే పాట ఎత్తుకునేదట.

తర్వాత దుంగలు కొట్టారు, ఎడ్లతో ఈడ్చారు.
మేకులకు డబ్బుల్లేక చెక్క చీలలు దిగ్గొట్టారు.
కుడి బల్లలు మగాళ్లకి, ఎడమ బల్లలు ఆడాళ్లకి.
ఇక పొయ్యి కొనాలా వద్దా అని
మూడు చలికాలాల తగువు.
"ఆత్మలో అగ్ని ఉంటే ఇనుప పొయ్యి దేనికి?" అన్న
ఒబడయా ప్రూయిట్
నాలుగో చలికాలం వేళ్లు కొంకర్లు పోయి
మొదటి చందా తానే రాశాడు.

ఆ మరుసటేడు కూతురి పెళ్లిలో
కెటూరా ఫిడేలు తీసింది.
ఒక్క పాటే. జనం ఆగలేక అడుగులేశారు.
పెద్దలు కూర్చోబెట్టి పశ్చాత్తాపం అడిగితే
"రెండో తీగ శ్రుతి తప్పింది,
దానికైతే చింతిస్తున్నాను" అందని ఉంది,
ఆమె మాటగానే, పొల్లు పోకుండా.
పేరు మీద గీత
కాగితానికి చిల్లు పడేలా కొట్టారు.

ఆ తర్వాతి ఆకు ఎలుకలది.
దాని తర్వాతది డిసెంబరు:
"ఆరాధన సాగినంతసేపు
ఉత్తరపు కిటికీ మూయరాదని తీర్మానం.
ప్రతిపాదన: ఒ. ప్రూయిట్. అభ్యంతరం లేదు."
ఎందుకో రాయలేదు.

నేను ఇప్పటి కార్యదర్శిని.
శిథిలమయ్యేలోగా నకలు తీయడం వరకే నా పని,
ఊహలు కలపకూడదు.
అందుకే లెక్కల పేజీ మాత్రం చూశాను.
పొయ్యి కొన్న ఏడు ఐదు బళ్ల కట్టెలు.
ఆ చలికాలం పదకొండు.
పక్కనే ఎవరో సన్నటి పెన్సిల్‌తో రాశారు:
"సరిపోలేదు. ఇంకో బండి తెప్పించండి."