చొక్కాను అడిగిన పాట

పీణ్యాలో మా లైనుకు ఆ నెల
పచ్చమచ్చల గుడ్డ వచ్చింది.
ఏ దేశానికో చెప్పలేదు.
అట్టపెట్టె మీది అక్షరాలు వరస తప్పిన చీమలు,
మాలో ఎవరికీ కూడి రాలేదు.
నా పని ఎడమ జేబు.
గంటకు తొంభై.
తొంభై గుండెల మీద తొంభై మూతలు,
లెక్క తగ్గితే సూపర్‌వైజరు నోటికి తాళం ఉండదు.

పక్క మిషను తిప్పక్కది. కాలర్లు.
మడకశిర దగ్గర శెనక్కాయ చేలల్లో
కలుపు తీస్తా నేర్చిన రాగం ఒకటి
ఎప్పుడూ ఆమె దవడలో నానుతుంటుంది
వక్కపలుకు మాదిరి.
ఆ రోజు కొలత చీటీ చూసి ఆగింది.
"ఇంత సన్న భుజాలా?
మీసమన్నా వచ్చిండాదో లేదో వీనికి"
అని, మిషన్ల మోతలోనే, మెల్లగా:

యాడికి పోతావే చొక్కా
లోపల ఎవుర్ని పెట్టుకోని పోతావే
పోయేటప్పుడు ఇద్దరు గదా
వచ్చేటప్పుడు ఒగరేనా

మధ్యాన్నం క్యారియర్ గిన్నెల కాడ
అది కన్నడంలోకి దిగింది.
భాగ్య ఇంకో చరణం అతికించింది.
సాయంత్రం బస్సులో ఒడియా పిల్లలు
మాటలు తెలీకుండానే తాళం పట్టుకున్నారు.

ఆదివారం ఫ్రీడం పార్కు.
ఒకప్పుడది జైలు.
ఇప్పుడు అరవాలంటే అందరూ అక్కడికే పోవాల.
యుద్ధం వద్దని సభ.
యూనియన్ సారు బ్యానరు విప్పుతా అడిగాడు,
"పాటలో యుద్ధమనే మాటే లేదే, తిప్పక్కా?"
"నా రాగంలో కూర్చోదు సార్ అది.
కాళ్ళు పొడుగు దానికి."

"సాకు, సాకు" అంటా పోలీసాయన
మైకు తీగ పీకేశాడు.
అనుమతి సభకంట, శబ్దానికి కాదంట.
సరే అని
నోరు మూసుకునే పాడాం.
నలభై ముక్కుల్లోంచి ఒక్క పాట
ఎట్లుంటుందనుకున్నారు?
పోయిన కరెంటు వచ్చి
మిషన్లన్నీ ఒకేసారి గుర్రుమన్నట్టు.
ఆయన లాఠీ కొన నేల మీద తాళం వేసింది.
నా భ్రమేమో కూడా.

కాలేజీ పిల్లోడొకడు అడిగాడు:
"కుట్టేదీ మీరే, వద్దనేదీ మీరేనా ఆంటీ?"
తిప్పక్క ఏమీ అనలేదు.
వేలు చూపించింది.
సూది దిగిన గోరు, నల్లగా.
అది జవాబో కాదో నాకిప్పటికీ తెలీదు.
బాడుగ కట్టేది మాత్రం ఐదో తేదీ.

సోమవారం మళ్ళీ అదే గుడ్డ.
ఒక్క జేబుకు మూత కుట్టకుండా వదిలాను.
ఎందుకని అడగొద్దు.
లోపల ఒక ఉత్తరముండి, ఒక ఫోటో ఉండి,
వాడికి తొందరగా తీసుకోవాలనిపిస్తే...

తనిఖీ పిల్ల పట్టేసింది.
సుద్దతో గీత గీసి నా మీదికి విసిరింది.
విసిరేటప్పుడు
ఆమె ముక్కులో అదే పాట.

కుట్టాను.
తొంభై ఒకటి.