కాళ్లకు నీళ్లు

పత్తికొండ బస్సు దిగి, ఆటో దిగి,
సంగమేశ్వరం ఒడ్డున గులకరాళ్ల మీద నిలబడి
నాయన మా ఇంటి కోసం వెతికినాడు.
"ఇదేనా?"
"ఇదే నాయనా."
ఇరవై అడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పు,
తారు పూసిన అడుగు,
యూరియా సంచులు కుట్టిన తెరచాప.
దాని మీద అక్షరాలన్నీ తలకిందులు.

ఆరేండ్లకు మొదటిసారి
కూతురి గడపకొచ్చిన మనిషి.
గడప యాడుందో తెలీక
చెప్పులు విడిచి, మళ్లీ చేత పట్టుకున్నాడు.

ఇంటికొచ్చినోళ్లకు కాళ్లకు నీళ్లియ్యాల.
పక్కకు వంగి కృష్ణలోకి చెంబు ముంచినా.
ఆయన చెంబును చూసినాడు, కృష్ణను చూసినాడు,
మళ్లీ చెంబును చూసినాడు.
మా ఊరికి ట్యాంకరొచ్చే దినాల్లో
బిందెకో గీత సుద్దముక్కతో గోడ మీద గీసిన చెయ్యి అది.
సగం పాదాల మీద పోసుకుని
మిగిలిన సగం నాకే ఇచ్చినాడు,
"పారబోయొద్దు."

మసేనుది సముద్రపొడ్డు తెలుగు, నాయనది చేను తెలుగు.
"ఎర్రగడ్డలు తెచ్చినాలే" అని ఈయన,
"ఏటి మావా?" అని ఆయన.
నడుమ నేను, ఉల్లిపాయలని చెప్పే దుబాసీని.
చేపల పులుసులో నాలుగు రొట్టెలు ముంచి తిన్నాడు.
బాగుందనలేదు.
బాగుంటే అనడు, అది నాకు తెలుసు,
మసేనుకు తెలీదు.
రాత్రి ఒడ్డు మీద పడుకుని
"ఉప్పెక్కువైందా?" అని కేకేసి అడిగినాడు పాపం.

పడవ కదిలినప్పుడల్లా నాయన
ఏదో ఒకటి పట్టుకునేటోడు:
స్తంభం, పొయ్యి, నా కొంగు.
తెల్లారుజామున ఒడ్డు వైపే చూస్తుంటే
ఎందుకో అడక్కుండా పడవ ఒరిగించినా.
చెంబు తీసుకుని బండల వెనక్కి పోయినాడు.
సిగ్గు ఆయనకూ ఉంది, నాకూ ఉంది.
ఇంట్లో ఉంటే గోడలు దాచేవి.

మూడో దినం, నట్టనడి నీళ్లలో, గాలి పడిపోయింది.
తెరచాప తడిసిన గుడ్డలా వేలాడింది.
మసేను తెడ్డు తీసినాడు.
"ఉండు" అన్నాడు నాయన.
ఒలిచిన చెనిక్కాయల పొట్టు పిడికెడు తీసి
మొహం ఎత్తున పట్టుకుని వదిలినాడు.
పొట్టు యాడ పడుతుందో చూసినాడు.
మళ్లీ పిడికెడు.
నలభై ఏండ్లు కల్లంలో చాట ఎత్తి నిలబడినోడు
గాలి కోసం ఎట్లా నిలబడతాడో
నేను చిన్నప్పుడు చూసినా, మరిచిపోయినా.
"పడమర నుంచి. కొంచెం ఓపిక పట్టండి.
గాలిని తొందర పెడితే గింజ కూడా పోతాది."

మసేను నవ్వు మింగి బీడీ ముట్టించినాడు.
బీడీ అయిపోయింది.
ఇంకోటి సగమైంది.
అప్పుడొచ్చింది గాలి,
పడమర కాదు, నైరుతి మూల నుంచి.
"దగ్గర దగ్గరే" అన్నాడు నాయన.
తాడు ఆయన చేతిలోనే ఉండె.
అరచెయ్యి ఒరుసుకుపోయినా వదల్లేదు.
"ఒదిలేయండి మావా" అన్నాడు మసేను.
అది మాత్రం దుబాసీ లేకుండానే అర్థమైంది,
అయినా వదల్లేదు.

పెండ్లి గురించి ఒక్క మాట ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.
నాలుగో దినం పొద్దున
చెనిక్కాయలు తెచ్చిన ప్లాస్టిక్ సంచి బోర్లించి
రెండు తట్లు తట్టి, నాలుగు మడతలు పెట్టి
పొయ్యి పక్కన ఉంచినాడు.
"చినిగితే కుట్టుకోండి. గట్టిది."
చెప్పులు ఒడ్డు మీదికి పోయినాక తొడుక్కున్నాడు.
ఎనక్కి తిరిగి చూడలేదు, ఆటోకు చెయ్యెత్తినాడు.

ఆ ముక్క పైకొసన కుట్టినా.
కుట్టులో ఒక ఎర్రటి పొట్టు ఇరుక్కుంది, తియ్యలేదు.
అక్షరాలు నిటారుగా ఉండేది ఆ ఒక్క ముక్క మీదే.
మసేనుకు చదువు రాదు,
నాయనకూ రాదు.