పసుపు తెలుపు పదిహేడు

కంబాలకొండ వెనక్కాల, జీడిమామిడి మొదట్లో
ఆరున్నరకే చెమట.
ఇక్కణ్ణుంచి సముద్రం కనపడదు.
చొక్కా మాత్రం వీపుకి అంటుకుని
అటుందని చెబుతుంది.

బోర్లా పడుకుని లెక్కపెడుతున్నాను.
గండు చీమలు. ఒకటే పుట్ట. మూడో నెల.
ఒక్కోదానికి నడుం మీదో చుక్క, పొట్ట మీదో చుక్క,
రంగులో ముంచిన గుండుసూది మొనతో.
పసుపు తెలుపు పదిహేడు.
నీలం నీలం ఎనిమిది.
ఉత్త ఎరుపు, నంబరు వేసేలోపు పారిపోయింది.

నా వెనక గొడుగు పట్టుకుని సూరాడ ఎల్లాజీ.
పోర్టులో ముప్పయ్యొక్క ఏళ్లు బస్తాలు మోసిన మెడ.
నీడ నాక్కాదు, పుట్టకి అంటే
మొదట్రోజు నవ్వాడు.
"అన్నీ ఆడకూతుళ్లేనా అమ్మా?"
అన్నీనూ.
"మరి మగోళ్లు?"
రెక్కలొచ్చి, వాన పడ్డ మర్నాడు ఎగిరి, పోతారు.
చాలాసేపు ఏమీ అన్లేదు.
"మా గేంగుకి మేస్త్రీ ఉండీవోడు. ఈటికెవుడు?"
ఎవరూ లేరు. రాణి గుడ్లు పెడుతుంది, పనులు చెప్పదు.
"శివుడాజ్ఞ లేందే చీమైనా కుట్టదంటారు గదేటి!"
ఆ సంగతి పుట్టలో ఎవరికీ తెలిసినట్టు లేదు.

పడుచువి లోపల పిల్లల్ని సాకుతాయి.
వయసు పెరిగేకొద్దీ గుమ్మం, గుమ్మం దాటి చెట్టు,
చెట్టు దాటి రోడ్డు.
చావుకి దగ్గరైనవే ఇంటికి దూరంగా వెళ్తాయి.
"అంటే మనకి కనిపించీవన్నీ ముసలమ్మలేనేటి!"
అన్నాడు, కాలు కాస్త వెనక్కి తీసుకుని.

ఇవాళ్టి పని అతనికి ముందుగా చెప్పలేదు.
చీమ చచ్చిన రెండో రోజుకి
ఒంట్లోంచి ఒక కొవ్వు వాసన పుడుతుంది.
అదే చావు. అప్పటిదాకా శవం శవం కాదు,
దారికి అడ్డంగా పడుకున్న అక్క.
ఆ కొవ్వు నా దగ్గర చిన్న సీసాలో ఉంది.
సూదిమొన మీద అరచుక్క.
బతికున్న పదిహేడుకి పూశాను.

ఏడూ పన్నెండు: నీలం నీలం ఎనిమిది దాన్ని ఎత్తుకుంది.
కాళ్లాడిస్తూనే ఉంది. మీసాలు తిప్పుతూనే ఉంది.
తీసుకెళ్లి పుట్ట చెత్తకుప్ప మీద,
రాలిన రెక్కల మధ్య, పారేసింది.
ఏడూ పదిహేను: తిరిగొచ్చింది.
ఏడూ పదహారు: మరొకతె మోసుకెళ్లింది.
ఏడూ ఇరవయ్యొకటి: తిరిగొచ్చింది.
ఏడూ ఇరవయ్యొకటే: మళ్లీ.

గొడుగు పక్కకి ఒరిగింది. నోట్సు మీద ఎండ పడింది.
"నాకూ పూసినారమ్మా," అన్నాడు.

పోయినేడు వార్డు సచివాలయంలో, పింఛను జాబితాలో
అతని పేరుకెదురుగా మరణించినట్టుందట.
వేలు పెట్టమన్నారు. బస్తాలు అరగదీసిన వేలు,
యంత్రం ఎవర్నీ గుర్తుపట్టలేదు.
"నాను నిల్చునే ఉన్నాను బాబూ అంటే
ఉన్నావులే తాతా, కాయితం తే అన్నాడు.
మంచోడే. మా జాలారిపేట కుర్రోడే."
నాలుగు నెలలు తిరిగాడు.
ప్రతిసారీ మర్యాదగానే
గేటు దాకా దిగబెట్టారు.

పదిహేడు చెత్తకుప్ప మీద కూచుని ఒళ్లు నాక్కుంటోంది.
ముందుకాలి దువ్వెనలోంచి ఒక్కో మీసాన్నీ
సాగదీసి, వదిలి, మళ్లీ సాగదీసి.
"ఎవులూ సాయం పట్టరేటి?"
పట్టరు.
అతను గొడుగు జరిపాడు. నీడ కుప్ప మీదికి వెళ్లింది.
నీడ మారితే లెక్క తప్పుతుందని చెప్పాలి నేను.
చెప్పలేదు.

ఎనిమిదీ యాభై.
పుట్ట నోటి దగ్గర ఒకతె ఆపి, మీసంతో తడిమింది
ముఖం, వీపు, మళ్లీ ముఖం.
నోటికి నోరు ఆనించి
పదిమంది కోసం పొట్టలో దాచిందాంట్లోంచి
ఒక చుక్క పెట్టింది.
పదిహేడు లోపలికి పోయింది.

చేరినది, అని రాసుకున్నాను.
ఉష్ణోగ్రత ముప్పయ్యొకటి. గాలిలో తేమ ఎనభై నాలుగు.
గొడుగు కదిలిన సంగతి కూడా రాశాను, పెన్సిలుతో.

ఫ్లాస్కు మూతలో టీ పోసి నాకిస్తూ
ఎల్లాజీ అడిగాడు,
"రేపెవులికి పూస్తావమ్మా?"