మూడోది

నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు.
మీటరు మీది ఆ అంకె చూసి
కంపెనీ షెడ్డులో పిలగాడు నా మొగం చూసె.
"అక్కా, అమ్మేసేది మేలు."
ఇంజెక్టర్లు నాలుగూ మార్చేదానికి వాడు రాసిచ్చిన చీటీ
మా కొర్లగుంట ఇంటికి ఐదు నెలల బాడిగ.
ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి
కిటికీ అద్దం గడగడలాడే సందులో దోపితిని.
చప్పుడు ఆగె. అంత మటుకు లాభం.

ఈ బండికి కొండ తెలుసు.
ఎక్కేటప్పుడు పెట్రోలు తాగతాది.
దిగేటప్పుడు మలుపు మలుపు కాడా
నేను నొక్కిన బ్రేకంతా కరెంటై
వెనక సీటు కింద చేరతాది.
గుండు కొట్టించుకున్నోళ్ళు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతా ఉంటారు,
కొండ నాకు చిల్లర తిరిగిస్తా ఉంటాది.

నెల నాళ్ళుగా ఎక్కుడులో దగ్గు.
చీకట్లో మెట్టు తప్పిన మనిషి మాదిరి
ఒక తడబాటు, మళ్ళీ సర్దుకునేది.
"డ్రైవరు యాడమ్మా?" అని ఎక్కేముందు అడిగినాయన
ఆ దగ్గు వినంగానే ఇంకేమీ అడగలా,
గోవిందా అని కళ్ళు మూసుకునె.

పుదుపేట నుంచి రాత్రి బస్సులో పార్శిలు.
అరవ పేపర్లో చుట్టిన నాలుగు ఇంజెక్టర్లు,
చిటికెన వేలంత లేవు ఒక్కోటీ.

ఆదివారం, ముగ్గు తొక్కకుండా బండిని వాకిట్లో నిలిపి
పంపు ఫ్యూజు తీసి, పైపులో ఒత్తిడి దించి,
నారింజ రంగు ప్లగ్గు పీకి
నా జేబులో వేసుకుంటిని, ఇంకెవురూ తగిలించకుండా.
ఆపైన పది నిమిషాలు ఊరికే కూర్చోవాల.
లోపల నిలిచిన కరెంటు ఆరేదాకా
ఇది చచ్చిందా, నిద్రపోతా ఉందా,
చూసి చెప్పేదానికి లేదు.

ఇన్నేళ్ళ వేడికి క్లిప్పులన్నీ అప్పడాలు.
రెండు విరిగె.
రెయిలు పట్టుకున్న బోల్టు ఒకటి జారి
టంగుమనె.
రెండో చప్పుడు రాలా.
నేల మీద పడలా, పైనా లేదు.
నా చెయ్యి మణికట్టు కాడ ఇరుక్కునె.

పక్కింటి ఖాజాబీ మనవరాలు షాహిదా
గాజులు తీసి నా చేతిలో పోసి
మోచేతి దాకా దూర్చి, కళ్ళు మూసుకుని వెతికె.
"అత్తా, ఏదో మెత్తంగా ఉండాది."
"అది దుమ్ము."
"ఇది గట్టిగా ఉండాది."
"అదే."
నల్లగా మెరిసే చెయ్యి బయటికొచ్చె, గుప్పిట మూసుకుని.
కడుక్కోమంటే కడుక్కోలా.

పాత వాటిని పారేసే ముందు
సిరంజీతో పెట్రోలు పెట్టి, చిన్న బ్యాటరీ తగిలించి చూస్తిని.
మూడు బాగానే ఉండాయి:
పూలంగడి కాడ చెంగమ్మ
మల్లె మూర మీద వేళ్ళతో చిలకరించినట్టు, సన్నని తుంపర.
మూడో సిలిండరుది మాత్రం
రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే మా వీధి కొళాయి.
ఒక చుక్క. ఆగి, ఆలోచించి, ఇంకో చుక్క.
పాపం, అట్టనే ఇన్నాళ్ళూ కొండెక్కింది.

కొత్త రబ్బరు రింగులకు ఒక వేలు నూనె రాసి
నాలుగూ కూర్చోబెడితిని.
ప్లగ్గు పెట్టి, కాగితంతో ప్రతి అతుకూ తుడిస్తిని.
కాగితం పొడిగానే ఉండె.

బటను నొక్కితిని.
సిద్ధం అని పచ్చ దీపం వెలిగె.
చప్పుడు లేదు.
"అయిపోయిందా అత్తా? చెడిపోయిందా?"

నేనేం చెప్పేది.
నిన్న రేతిరి కొండ దిగతా కూడబెట్టుకున్నదంతా
బ్యాటరీ నిండా అట్టనే ఉండాది.
అది ఖర్చయ్యేదాకా ఇంజన్ను నోరు విప్పదు.

ఏసీ పెడితిని. పట్టపగలు లైట్లు వేస్తిని.
ఇద్దరం అద్దాలు ఎత్తుకుని కూర్చుంటిమి,
కదలని బండిలో, చల్లగా.
గేటు కాడ ఖాజాబీ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తా ఉండె.
తెర మీద ఒక్కో గీతా తగ్గతా వచ్చె.

మూడు గీతలప్పుడు
కాళ్ళ కింద ఏదో మేలుకునె.
షాహిదా నూనె చేతిని డాష్ బోర్డు మీద ఆనించి
లెక్కపెట్టె: ఒగటి, రెండు,
మూడు కాడ ఆగి, నా మొగం చూసి,
నాలుగు.