ఇల్లు లాగిన రోజు

పడవ రేవులో టిక్కెట్లు చింపే పని నాది.
చిలోయే దీవికి వచ్చేవాళ్ళవీ పోయేవాళ్ళవీ
సగం ముక్కలు నా డబ్బాలో మిగులుతాయి.
వాటి వెనక రాస్తుంటాను.
రాస్తుంటాను అనడం గొప్పకి.
మార్చి నెల నుంచీ ఒక్క మాట పడలేదు.

కొత్త కథే కావాలని మంకుపట్టు.
ఎవరూ తొక్కని నేల కావాలి నాకు.
ఈ దీవిలో ఎక్కడ గునపం దించినా
ఎవరో నాటి మరిచిన బంగాళాదుంప తగులుతుంది.

మా అమ్మమ్మ లుడోవినాకి వచ్చిందల్లా ఒకే ఒక్క కథ.
పొగమంచుని జాడీలో పట్టి దాచిన ఆడమనిషి కథ.
మొగుడు వేటకి బయల్దేరే తెల్లవారుజామున
మూత తీసేదట,
దారి కానరాక ఇంటిపట్టునే ఉంటాడని.
ఒకరోజు అతను సముద్రం మీదుండగానే
జాడీ పగిలింది.
అక్కడ ఆపి, అమ్మమ్మ మేజోడు అల్లడం మొదలుపెట్టేది.
"తర్వాత?"
"తర్వాతేముంది, పొయ్యిలో కట్టె వెయ్యి."

ఆ కథని నేను లెక్కలోకే తీసుకోలేదు.
వందసార్లు ఉతికిన ఉన్నిబట్ట, ఇంకేం మిగిలుంటుంది?

శనివారం రెమీహియో ఇల్లు లాగారు.
మా దగ్గర అంతే,
నేల కలిసిరాకపోతే ఇంటిని వదిలిపోం,
ఇంటినే పట్టుకుపోతాం.
అడుగున దుంగలు, ముందు ఆరు జతల ఎడ్లు,
తాళ్ళ పొడుగునా ఊరు.
కూలి ఉండదు.
గుంటలో ఉడికిన గుల్లలూ దుంపలూ,
వానలో నిలబడి, చేతులు కాలుతూ తినడమే.

నా ముందు తాడు పట్టింది ఓర్ఫెలీనా, పాల డిపో ఆవిడ.
తాడు బిగిసినప్పుడల్లా
పోయినేడాది పోయిన మొగుణ్ణి తిట్టింది.
"నీ గురక మొయ్యడం కంటే
ఈ ఇల్లు మొయ్యడం నయమయ్యా."
ఒంటి చేత్తో తాడు పట్టుకుని
రెండో చేత్తో జేబులో టిక్కెట్టు ముక్క వెతికాను.
ఎడ్లు నా కోసం ఆగుతాయా?
బురదలో కూలబడ్డాను.
మాట మాత్రం జారిపోలేదు.

ఇల్లు కొండ దిగింది.
లోపల గడియారం ఆగలేదు.
కిటికీలో ఎవరూ తియ్యని జెరేనియం కుండీ
అందర్నీ పలకరిస్తున్నట్టు తలూపుకుంటూ పోయింది.
సగం దారిలో తెలిసింది, పిల్లి లోపలే ఉందని.

పోటు వచ్చాక నీళ్ళలోకి దింపి
మోటారు పడవకి కట్టారు.
అవతలి ఒడ్డున తలుపు తీస్తే
పొయ్యి అరలో వేలెడంత చేప,
దాన్నే చూస్తూ, అటక మీద పిల్లి.

అదే కిటికీ.
నలభై ఏళ్ళు పక్కవాళ్ళ కట్టెలపాక తప్ప
మరేదీ చూడని కిటికీ.
ఇప్పుడు దాన్నిండా సముద్రం.
రెమీహియో టోపీ తీసి దాని ముందు చాలాసేపు నిలబడి
"ఇది మాదేనా?" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి ముప్పై ఒక్క టిక్కెట్టు ముక్కలు పట్టింది.
జాడీ అమ్మమ్మదే.
దాన్ని మా రేవు దాకా ఈడ్చుకొచ్చాను.
ఆడమనిషికి ఓర్ఫెలీనా నోరు పెట్టాను, అడగకుండా.
మొగుడి గురకకి మంచు చెదిరిపోతుంటే
ఆవిడ తిట్టుకుంటూ మళ్ళీ మళ్ళీ పోగుచేస్తుంది.
పిల్లిని కూడా ఎక్కించాను.
జాడీ పగలడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

సోమవారం ఓర్ఫెలీనా పడవకొచ్చింది.
దొంగసొత్తు దాచినట్టు ముక్కల మీద చెయ్యి వేశాను.
చూడనే చూసింది.
"మంచు జాడీ కథా? మా అమ్మా చెప్పేది."
టిక్కెట్టు చాచింది.
"కాకపోతే మా ఇంట్లో
జాడీ దాచింది మొగుడు."

పడవ కూత వేసింది.
"తర్వాత?" అని కేకేశాను.
చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడలేదని ఊపింది.
ఆమె సగం ముక్క
డబ్బాలో వెయ్యలేదు.